సంతకం నాదే, మాటలు మాత్రం నావి కావు

పేరు రాయవద్దని కోరిన ఒక మెకానిక్ ఉత్తరం ఇది. నాలుగు పేజీలు రాశారు. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి, సారాంశం నా మాటల్లో ఇస్తున్నాను.

ఆయన 11 ఏళ్లుగా ఒక నగరపాలక సంస్థ వాహనాల షెడ్డులో పనిచేస్తున్నారు. చెత్త లారీలు, రోడ్లు ఊడ్చే బండ్లు, నీళ్ల ట్యాంకర్లు, అంబులెన్సులు, ఫైరింజన్లు అన్నీ కలిపి 160కి పైగా బండ్లు ఆ షెడ్డు మీద ఆధారపడి ఉన్నాయి. ఆయన చేరినప్పుడు 14 మంది మెకానిక్‌లు ఉండేవారు, ఇప్పుడు 9 మంది. బండి గేటు దాటి లోపలికి వస్తుంటే చప్పుడును బట్టే అది ఏ నంబరు బండో, దానికి ఏం బాధ వచ్చిందో చెప్పగలనని రాశారు.

రెండు నెలల క్రితం చెత్తను నొక్కి కుదించే ఒక కంపాక్టర్ లారీ షెడ్డుకు వచ్చింది. ‘బ్రేకు ఆలస్యంగా పడుతోంది, బండి ఎడమకు లాగుతోంది’ అని డ్రైవరు ఫిర్యాదుల పుస్తకంలో వారం రోజుల్లో రెండుసార్లు రాశాడు. ఈయన్ని ‘అన్నా’ అని పిలిచే మనిషి ఆ డ్రైవరు. రెండు కుటుంబాలకూ రాకపోకలున్నాయి. చక్రాలు విప్పి చూస్తే కుడివైపు లైనింగులు (బ్రేకు వేసినప్పుడు చక్రంలోని డ్రమ్మును ఒరుసుకుని ఆపే పట్టీలు) వాటిని బిగించిన రివెట్లు తేలేదాకా అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి కావాలని స్టోర్సుకు ఇండెంటు పెట్టి అప్పటికే ఆరు వారాలైంది. స్టోర్సులో సరుకు లేదు. ఫోర్‌మన్ వచ్చి, ‘తెల్లవారి ట్రిప్పుకు బండి కావాలి, ఎలాగో ఒకలా బ్రేకు పట్టేట్టు చేసి పంపు’ అన్నారు. ఈయన లైనింగుకూ డ్రమ్ముకూ మధ్య ఎడాన్ని సరిచేసే స్లాక్ అడ్జస్టర్లను చేత్తో బిగించి, షెడ్డు ఆవరణలోనే ఒక చుట్టు నడిపి చూశారు. బ్రేకు పట్టింది. ఫోర్‌మన్ పక్కన నిలబడి చెబుతుంటే, చేసిన పని నమోదు చేసే జాబ్‌కార్డు మీద ‘బ్రేకులు సరిచేయబడినవి, బండి నడపడానికి యోగ్యం’ అని రాసి సంతకం పెట్టారు.

పదిహేడో రోజున ఆ లారీ నిండు లోడుతో వాలు దిగుతుండగా బ్రేకులు పడలేదు. డ్రైవరు బండిని ఒక ప్రహరీ గోడకు రాపాడించి ఆపగలిగాడు. ఆగి ఉన్న రెండు కార్లు నుజ్జయ్యాయి. బండి వెనక నిలబడి ఉన్న లోడరుకు, అంటే చెత్త ఎత్తిపోసే మనిషికి, కాలు విరిగింది. ప్రాథమిక నివేదిక ‘అతివేగం, డ్రైవరు నిర్లక్ష్యం’ అంటోంది. డ్రైవరును విధుల నుంచి తప్పించారు. వచ్చే వారం విచారణకు ఈయన్ని సాక్షిగా పిలిచారు. లారీ మాత్రం షెడ్డు వెనక టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంది. మొన్న సాయంత్రం ఫోర్‌మన్ పక్కకు పిలిచి, ‘లైనింగులు వచ్చాయి, తనిఖీవాళ్లు వచ్చేలోపు ఆ బండికి వేసేయ్’ అన్నారట.

భార్య నోరు మెదపవద్దంటున్నారు. ఆయనకు రాత్రుళ్లు నిద్ర లేదు. ఉద్యోగం మానేసి ప్రైవేటు వర్క్‌షాపులో చేరిపోదామా అన్న ఆలోచనా ఉంది. ఉత్తరం ఇలా ముగించారు: ‘నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే వాడి బతుకు పోతుంది. సంతకం నాదే, మాటలు మాత్రం నావి కావు. నన్నేం చేయమంటారు?’

* * *

మీ ఉత్తరానికి చివరి నుంచి జవాబు మొదలుపెడతాను. మిగతావాటికి మీ చేతిలో వారం రోజులుంది. దీనికి లేదు.

ఆ లారీ మీద చేయి వేయకండి. లైనింగులు మార్చవద్దు, చక్రం విప్పవద్దు, ‘ఒకసారి చూసి వద్దాం’ అని టార్పాలిన్ కూడా ఎత్తవద్దు. ఇప్పటిదాకా మీరు చేసిన తప్పు ఒత్తిడిలో ఒక అబద్ధపు వాక్యం రాయడం. ఎందుకు రాశారో ఎవరికైనా వివరించవచ్చు, విన్నవాళ్లు కొంతైనా అర్థం చేసుకుంటారు. ప్రమాదం జరిగిన బండికి రహస్యంగా కొత్త లైనింగులు వేయడం ఆ కోవలోకి రాదు. అది సాక్ష్యాన్ని చెరిపేయడం. దానికి ఒత్తిడి, స్టోర్సు, ఇండెంటు అని ఏ కారణమూ నిలవదు. పైగా ఆ పని చేసిన చేతులు మీవే అవుతాయి, చేయమన్న నోటికి సాక్ష్యం ఉండదు.

ఫోర్‌మన్‌తో గొడవ పడనక్కర లేదు. ‘విచారణ పూర్తయ్యేదాకా ఆ బండి నేను ముట్టుకోను సార్, రాతపూర్వకంగా ఆదేశమిస్తే అప్పుడు చూద్దాం’ అనండి. ఆయన రాసివ్వరు. మీరు వద్దంటే ఇంకొకరి చేత చేయించవచ్చు. అందుకని ఈరోజే విచారణ అధికారికి రెండు వాక్యాల లేఖ ఇవ్వండి: ప్రమాదానికి గురైన బండిని ఉన్నదున్నట్టుగా సీలు చేయించాలని, బయటి నిపుణుడి చేత తనిఖీ చేయించాలని కోరుతూ. అందులో ఎవరి పేరూ, ఎవరి మీదా ఆరోపణా వద్దు. లేఖ అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇది చాడీ కాదు, సాక్షిగా పిలిచిన మనిషి చేయదగిన విజ్ఞప్తి. దీనివల్ల ఫోర్‌మన్‌కు మీ మీద అనుమానం వస్తుంది. రానివ్వండి.

ఆ బండి మీకు తెలిసినదానికన్నా ఎక్కువ చెబుతుంది. వాలులో బ్రేకులు అతిగా వేడెక్కి ఉంటే డ్రమ్ముల మీద నీలి ఛాయ, సన్నని పగుళ్లు ఉంటాయి. లైనింగుల మందం కొలవవచ్చు. బ్రేకు తొక్కినప్పుడు ప్రతి చక్రం దగ్గర పుష్‌రాడ్, అంటే బ్రేకును నెట్టే కడ్డీ, ఎంత బయటికి వస్తోందో కొలవవచ్చు. బండికి ట్రాకర్ ఉంటే ఆ నిమిషాల వేగం అందులో ఉంటుంది. డ్రైవరు వేగంగా నడిపాడా, లేక బ్రేకు పడక బండే వేగం పుంజుకుందా అన్నది ఆ రికార్డునూ ఆ డ్రమ్ములనూ పక్కపక్కన పెడితే తేలుతుంది. లైనింగులు మారిస్తే ఇందులో సగం పోతుంది, మీ స్నేహితుడి తరఫున మాట్లాడగల సగం.

ఇక మీరు బాగా నలిగిపోతున్న చోటికి వస్తాను. ‘ఆవరణలో తిప్పి చూశాను, బ్రేకు పట్టింది, అందుకే పంపాను’ అని ఉత్తరంలో మూడుసార్లు రాశారు. మూడుసార్లు రాయాల్సి వచ్చిందంటే ఆ మాట మీకే నమ్మకంగా లేదన్నమాట. మీకు తెలిసిన విషయమే మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే విచారణలో మీరు దీన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పాల్సి ఉంటుంది. గాలి బ్రేకుల బండిలో పెడల్ తొక్కితే కాలికి తెలిసేది తక్కువ. ఖాళీ బండిని చల్లటి డ్రమ్ములతో నడక వేగంలో ఆపడానికి పెద్ద బలం అక్కర లేదు, సగం చచ్చిన బ్రేకు కూడా ఆపేస్తుంది. అదే బండి నిండు లోడుతో వాలు దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగుకు దూరం జరుగుతుంది. ఆ దూరాన్ని పూడ్చడానికి పుష్‌రాడ్ ఇంకా ముందుకు రావాలి. దాని ప్రయాణానికి ఒక హద్దుంది. హద్దు చేరాక డ్రైవరు పెడల్ మీద లేచి నిలబడినా చక్రానికి అందే బలం పెరగదు. ఆవరణలో మీరు చేసిన పరీక్ష అబద్ధం కాదు. అది జవాబిచ్చింది వేరే ప్రశ్నకు.

స్లాక్ అడ్జస్టర్ల సంగతి కూడా. అవి తమంతట తామే సరిచేసుకునే రకమని మీరే రాశారు. అలాంటివాటిని చేత్తో బిగించాల్సి వచ్చిందంటే లోపం ఇంకెక్కడో ఉందని అర్థం: అరిగిన లైనింగో, బుష్షో, కామ్‌షాఫ్టో. బిగిస్తే ఆ పూటకు కొలత సరిపోతుంది, లోపం కనపడకుండా పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ జారుతుంది. పదిహేడు రోజులు పట్టింది. మిమ్మల్ని పొడవాలని ఇదంతా చెప్పడం లేదు. ఆ రోజు మీరు చేసిన పని సాంకేతికంగా ఏమిటో ఖచ్చితంగా పేరు పెట్టి చెప్పగలిగితే, ‘నేనే ఆ లోడరు కాలు విరగ్గొట్టాను’ అని అర్ధరాత్రి వచ్చే ఊహ కూడా తన అసలు కొలతకు దిగుతుంది.

ఆ కొలత ఏమిటి? మీరు నాలుగు బరువుల్ని ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. లైనింగులు ఆరు వారాలు రాకపోవడం మీది కాదు. 14 మంది పని 9 మంది చేయడం మీది కాదు. కంపాక్టర్లకు కూడా సర్వీసు లెక్క కిలోమీటర్ల మీదే కడుతున్నారని రాశారు చూశారా, అదీ మీది కాదు. చెత్త లారీ రోజుకు తిరిగే దూరం తక్కువ, ఆగే సార్లు వందల్లో. ఇంజను నిలబడిన చోటే హైడ్రాలిక్ పంపును తిప్పుతూ గంటలు గంటలు పనిచేస్తుంది. కిలోమీటర్ల మీటరు అది పడ్డ కష్టంలో ఏ కొంతో చూపిస్తుంది. అలాంటి బండికి ఇంజను నడిచిన గంటల లెక్కన సర్వీసు చేయాలి, బ్రేకులు ఇంకా తరచుగా విప్పి చూడాలి. ఈ మాట ఎవరో ఒకరు విచారణలో అనాలి, మీకన్నా బాగా అనగలవాళ్లు అక్కడ ఉండరు. ఇవన్నీ తీసేస్తే మీ వాటాకు మిగిలేది ఆ ఒక్క వాక్యం: ‘నడపడానికి యోగ్యం.’ మాటలు మీవి కావని అంటున్నారు. ఇక్కడ మీతో ఏకీభవించలేను. చెప్పింది ఆయనే కావచ్చు, కానీ మరునాడు ఆ కార్డు చూసి బండి ఎక్కినవాడు నమ్మింది మీ పేరును. ఫోర్‌మన్ పక్కన నిలబడి చెప్పించారన్న సంగతి కార్డు మీద ఎక్కడా లేదు.

కొంచెం నా సంగతి చెప్పుకోనివ్వండి. నేను 26 ఏళ్లు ఒక బస్సు డిపోలో చేశాను, చివరి తొమ్మిదేళ్లు ఫోర్‌మన్ కుర్చీలో. మీ ఫోర్‌మన్ అన్న మాట నేనూ అన్నాను, అక్షరం పొల్లుపోకుండా: ‘ఎలాగో ఒకలా పంపు.’ ఆ బస్సు వెళ్లింది, వచ్చింది, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం వల్లనే రెండోసారీ అన్నాను. మూడోసారి ఒక మెకానిక్ పానా కింద పెట్టి, ‘మీరే రాసి సంతకం పెట్టండి సార్, నేను సాక్షి సంతకం చేస్తాను’ అన్నాడు. కోపంతో నాకు చెవులు ఎర్రబడ్డాయి. సంతకం మాత్రం పెట్టలేదు. ఆ బస్సు రెండు రోజులు షెడ్డులోనే ఉంది. నాకు పై నుంచి చీవాట్లు పడ్డాయి, అంతకుమించి ఏమీ కాలేదు. మీ ఫోర్‌మన్ దుర్మార్గుడని మీ ఉత్తరంలో నాకు కనపడలేదు. తెల్లవారేసరికి ఎన్ని బండ్లు గేటు దాటాయని అడిగే ఫోన్లు ఆయనకు వస్తాయి, ఎన్ని బండ్లు సరిగ్గా ఆగుతున్నాయని ఎవరూ అడగరు. అయితే మొన్నటి ఆదేశం వేరు. మొదటిది తొందర, రెండోది దాపరికం. మొదటిదానికి ఆయన్ని అర్థం చేసుకోండి, రెండోదానికి తోడు వెళ్లకండి.

విచారణలో మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, మీ ఇంట్లో చెబుతున్నట్టు జాబ్‌కార్డులో ఏముందో అదే చెప్పి రావడం. మీ భార్యను తప్పుపట్టను. ఆమె చూస్తున్నది నెల జీతాన్నీ పిల్లల చదువునూ, అవి చిన్న విషయాలు కావు. కానీ మౌనం సురక్షితమైన దారి అన్న ఆమె నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోను. 2015 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఒక టిప్పర్ లారీ నిటారు వాలులో బ్రేకులు పడక దూసుకెళ్లి నలుగురిని చంపింది. చనిపోయినవాళ్లలో నాలుగేళ్ల పాప ఉంది. ముందు అందరి వేలూ చూపించేది డ్రైవరు వైపే కదా. 2016 డిసెంబరులో తీర్పు వచ్చేసరికి డ్రైవరు నిర్దోషిగా బయటపడ్డాడు. శిక్ష పడింది లారీ సంస్థ యజమానికీ, బండ్లు చూసిన మెకానిక్‌కీ. మరుసటి నెలలో యజమానికి ఏడున్నరేళ్లు, మెకానిక్‌కు అయిదేళ్ల మూడు నెలలు జైలు విధించారు. మీ సంగతి అక్కడిదాకా వెళ్తుందని కాదు, మీ దగ్గర ప్రాణాలు పోలేదు. మీ చోట చట్టం వేరుగా ఉండవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: బ్రేకుల కేసులో బండి విప్పి చూసినప్పుడు దారి తిన్నగా షెడ్డుకే వస్తుంది, అక్కడ మొదట దొరికేది సంతకం. రివెట్లు తేలిన లైనింగు, ‘సరిచేయబడినవి’ అన్న కార్డు రెండూ ఒకే బల్ల మీద పెట్టిన రోజున, అప్పటికే ఒకసారి అబద్ధం చెప్పి ఉన్న సాక్షిగా మీరు నిలబడాల్సి వస్తుంది. ‘నాకు గుర్తు లేదు’ కూడా ఇందులోకే వస్తుంది. గుర్తుందని నాకు నాలుగు పేజీలు రాశారు.

రెండోది, విచారణ గదిలోకి వెళ్లి గుండె బరువు దించేసుకోవడం. మీ స్వభావం చూస్తే మీరు ఇటే మొగ్గుతారనిపిస్తోంది. ఆవేశంలో మొత్తం నేరం మీ మీద వేసుకునే ప్రమాదం ఇందులో ఉంది. స్టోర్సు వైఫల్యం, మనుషుల కొరత, పై ఒత్తిడి అన్నీ కలిసి ‘మెకానిక్ తప్పు ఒప్పుకున్నాడు’ అన్న ఒక్క వాక్యంగా కుదించుకుపోతాయి. డ్రైవరు బదులు మీరు దొరికితే చాలామందికి ఫైలు మూయడం సులువవుతుంది.

మూడోది, ముందు న్యాయ సలహా, తర్వాత రాతపూర్వక వాంగ్మూలం. సంఘం ఉంటే సంఘం ప్రతినిధిని, లేకపోతే కార్మికుల కేసులు చూసే వకీలును ఈ రెండు మూడు రోజుల్లోనే కలవండి. మీ మాట మీ మీదకే కేసుగా తిరిగే వీలు ఉంది కాబట్టి ఈ మెట్టు దాటవద్దు. సమయం చాలకపోతే వాయిదా కోరుతూ లేఖ ఇవ్వండి. వాంగ్మూలంలో మీ కన్ను చూసింది, మీ చేయి చేసింది, మీ చెవి విన్నది మాత్రమే ఉండాలి. తేదీ, సమయం, ఏ చక్రం దగ్గర ఏం చూశారు, ఇండెంటు నంబరు, ఎవరు ఏమన్నారు, మీరు ఏం బిగించారు, ఏం రాశారు. ‘ఫోర్‌మన్ అవినీతిపరుడు’, ‘డ్రైవరు దేవుడు’ లాంటివి వద్దు. డ్రైవరు రెండుసార్లు రాసిన ఫిర్యాదుల పుస్తకాన్ని తెప్పించమని కోరండి. దానికి కార్బన్ ప్రతి ఉంటే అది ఎక్కడుందో ఇప్పుడే ఆరా తీయండి. షెడ్డు కాగితాలు ఇంటికి తీసుకెళ్లవద్దు. దాన్నే తప్పుగా చూపించే అవకాశం ఇస్తారు. నంబర్లూ తేదీలూ రాసుకుంటే చాలు. ఈ దారిలోనూ నొప్పి లేకుండా పోదు. ఇంక్రిమెంటు ఆపవచ్చు, సస్పెండు చేయవచ్చు, ఉద్యోగమే పోవచ్చు కూడా. నేను ఇటే మొగ్గుతాను, కానీ ఆ జీతం మీద బతికేది నేను కాదు. అందుకే ఇంట్లో ఇద్దరూ కూర్చుని, జీతం మూడు నెలలు ఆగితే ఇల్లు ఎలా నడుస్తుందో కాగితం మీద లెక్క వేయండి. మీ భార్య భయం చాలావరకు ఆ అంకె తెలియకపోవడం వల్ల వచ్చిందేమో.

డ్రైవరుకు ముందే చెప్పాలా అని అడిగారు. చెప్పాలి, అయితే వకీలును కలిశాక. తన రోజులు కరిగిపోతుంటే కారణం తెలిసిన అన్న పక్కనే ఉండి మాట్లాడలేదని విచారణ గదిలో వినడం అతనికి మీరు చేసే రెండో దెబ్బ అవుతుంది. తిట్టవచ్చు. మళ్లీ ఎప్పటికీ అన్నా అని పిలవకపోవచ్చు. ఆ హక్కు అతనిది. ఇద్దరూ కూడబలుక్కుని వాంగ్మూలాలు తయారుచేసుకోవడం మాత్రం చేయకండి.

రేపు ఇలాంటి కార్డు ఇంకొకటి మీ ముందుకొస్తే? వస్తుంది. ఆ తొమ్మిది మందితో, ఆ స్టోర్సుతో వచ్చే నెలలోనే వస్తుంది. అప్పుడు ‘సరిచేయబడినవి’ అని కాక ఉన్నదున్నట్టు రాయండి: కుడి వెనక లైనింగు ఇంత మందం, కనీస పరిమితి ఇంత, స్పేరు లేదు, బండి నడపడానికి తగదు. కింద సంతకం. ఎవరికైనా పంపాలనిపిస్తే వాళ్లు తమ చేత్తో తమ పేరు మీద రాసి పంపుకోవాలి. ‘నేను రాయకపోతే జూనియర్ చేత రాయిస్తారు’ అని మీరు అనబోతారని తెలుసు. నిజమే, రాయిస్తారు. 1997 సెప్టెంబరులో అమెరికాలోని అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి ఒక విమానం మరమ్మతు షెడ్డులో ఉండగా, తోక రెక్కను కదిలించే పెద్ద స్క్రూ, దాని నట్టు ఎంత అరిగాయో ఒక షిఫ్టు వాళ్లు కొలిచారు. 0.040 అంగుళం వచ్చింది, అనుమతించిన గరిష్ఠ పరిమితి సరిగ్గా అంతే. భాగం మార్చాలని కార్డు మీద రాశారు. తర్వాత ఇంకో షిఫ్టు మళ్లీ కొలిచి, 0.033 వచ్చిందని, మార్చకుండానే విమానాన్ని వదిలింది. 2000 జనవరి 31న అదే విమానం, అదే స్క్రూ నట్టు మరలు ఊడిపోయి పసిఫిక్ సముద్రంలో కూలింది. 88 మంది పోయారు. ఆ రెండున్నరేళ్లలో గ్రీజు సరిగ్గా అందకపోవడమే అసలు కారణమని దర్యాప్తు తేల్చింది కాబట్టి, ఆ ఒక్క కొలతతోనే అంతా ఆగేదని నేను అనను. కానీ మొదటి షిఫ్టు రాసిన మాట కార్డు మీద ఉండిపోయింది. దర్యాప్తు వాళ్లు అడగాల్సిన ప్రశ్న అక్కడే దొరికింది. మీరు రాసిన ‘తగదు’ ఒక్కోసారి బండిని ఆపుతుంది, ఒక్కోసారి ఆపదు. ఆపనప్పుడు కూడా, దాని పక్కన ‘యోగ్యం’ అని రాయాల్సినవాడి చేయి ఒక క్షణం ఆగుతుంది. నా చేయి ఆగింది కదా.

ఉద్యోగం మానేసే విషయం. విచారణకు ముందు రాజీనామా ఇస్తే పారిపోయినట్టు కనిపిస్తుంది, డ్రైవరు ఒంటరివాడవుతాడు, మీరు మోస్తున్న మూట మీతోపాటే కొత్త చోటికి వస్తుంది. విచారణ అయ్యాక మానేస్తే అది వేరే మాట. ప్రైవేటు వర్క్‌షాపులో కూడా ‘ఈ పూటకు నడిస్తే చాలు’ అనే గొంతు ఉంటుంది. అక్కడ అది బండి యజమాని గొంతు. ఒక తేడా ఉంది: అక్కడ బండి వస్తుంది, పోతుంది, మళ్లీ కనపడదు. చప్పుడును బట్టి బండిని గుర్తుపట్టే మనిషికి ఆ పని ఎంతకాలం రుచిస్తుందో మీరే ఆలోచించుకోండి. నిర్ణయానికి ఆర్నెల్లు గడువు పెట్టుకోండి.

నిద్ర గురించి ఒక్క మాట, అదీ మెకానిక్‌గా. ఇన్ని వారాల నిద్రలేమితో పైకెత్తి పెట్టిన లారీ బాడీ కిందికి వెళ్లడం, స్ప్రింగు బ్రేకు ఛాంబరు విప్పడం వద్దు. లోపల నొక్కి ఉంచిన ఆ స్ప్రింగు అలసిన చేతిని క్షమించదు. హోసు కారుతోందేమోనని చేత్తో తడిమే అలవాటు షెడ్డుల్లో ఉంటుంది, అదీ మానండి. ఒత్తిడిలో ఉన్న నూనె సన్నని రంధ్రంలోంచి చర్మంలోకి దూసుకుపోతే వెంటనే ఆపరేషను చేయాల్సి వస్తుంది. అట్ట ముక్కతో చూడండి. ఈ నెల తేలిక పనులు అడిగి తీసుకోండి, వైద్యుణ్ణి కలవండి.

చివరగా, మీ ఉత్తరంలో నాకు కొరతగా అనిపించిన విషయం. నాలుగు పేజీల్లో ఫోర్‌మన్ ఉన్నారు, డ్రైవరు ఉన్నాడు, మీ ఇల్లుంది, మీ భయం ఉంది. వెనక నిలబడి ఉన్న లోడరుకు దక్కింది ఒకే ఒక్క వాక్యం. అతని కాలికి ఆపరేషను అయిందా, మళ్లీ బండి ఎక్కగలడా, నష్టపరిహారం కాగితాలు ఎవరైనా నింపిపెట్టారా? విచారణ నివేదికలో ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని ఉంటే ఒక లెక్క, ‘వాహన లోపం’ అని ఉంటే ఇంకో లెక్క అయ్యే చోట్లు ఉన్నాయి. కాబట్టి మీరు చెప్పబోయే మాట అతనికీ ముఖ్యమే. వాంగ్మూలం ఇచ్చాక ఒకరోజు వెళ్లి చూసి రండి. కేసు మాట ఎత్తకండి, క్షమాపణ కోసం ఒత్తిడి చేయకండి. కాసేపు కూర్చుని, కాలు ఎలా ఉందని అడగండి.